టీవీలో నా కూత

ఛానల్ వాళ్ళ ఫోన్ వచ్చినప్పుడు నా రెండు చేతులకీ గ్రీజు. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటరు మోటారు ఒకటి కాలిపోయి వస్తే, దాని పొట్ట విప్పి లోపలి తీగ పీకుతున్నాను. మోచేత్తో స్పీకరు నొక్కి "ఆయ్, చెప్పండి" అన్నాను. అవతలాయన నన్ను సార్ అన్నాడు. కొత్తపేటలో నా వైండింగ్ షాపుకి వచ్చి నన్ను సార్ అనేవాళ్ళు రెండే రకాలు. మోటారు ఈ పూటకే కావాలనేవాళ్ళు, నా బ్లాగు చదివేవాళ్ళు. ఈయన రెండో రకం.

బ్లాగంటే పెద్దదేమీ కాదు. కోనసీమ ఊళ్ళలో జరిగే కబడ్డీ పోటీల గురించి ఫోనులో బొటనవేలితో కొట్టి పెడుతుంటాను. ఎవరు ఎలా కూతకు వెళ్ళారు, ఎవరు చీలమండ పట్టి లాగారు, ఏ ఊరి రిఫరీకి గీత సరిగా ఆనదు, ఇలాంటివి. ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలేసిందో, దానిమీద మా ఇంట్లో ఇప్పటికీ తగువుంది. చదివేవాళ్ళు మాత్రం నన్ను ఏదో కాలేజీలో ఆటల మాస్టారనుకుంటారు. నేను కాదనలేదు. రాతలో ఒక సుఖం ఉంది, తప్పు పడితే చెరిపేయొచ్చు. నోటికి ఆ మీట లేదు.

శనివారం సాయంత్రం పల్లెటూరి ఆటల మీద చర్చ ఉంది, ప్రత్యక్ష ప్రసారం, అన్నాడాయన. యాంకరమ్మ విజయవాడలో ఉంటుంది, నేను అమలాపురంలో వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి కెమెరా ముందు కూర్చుంటే చాలు. "అయిదు నిమిషాలేనండి" అన్నాడు. నేను ఆడే రోజుల్లో అర నిమిషం కూత నిలబెట్టడమే గగనంగా ఉండేది. రానని చెబుదామని నోరు తెరిచాను. "ఆయ్, అలాగేనండి" అని వచ్చింది. కాదనే మాట మా వైపు కూడా ఉంది గానీ, వాడకం తక్కువ.

అంతటితో అయితే ఒంట్లో బాగాలేదని తప్పించుకునేవాణ్ణే. ముక్తేశ్వరం మాస్టారి దగ్గర ఇరుక్కుపోయాను.

ఆయన హైస్కూల్లో సోషల్ చెబుతారు. వాళ్ళ తాతగారు పొలాల్లో పాలేరు, నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆ వరసలో కూతురు కాలేజీ లెక్చరరైనా కావాలని ఆయన ఆశ. ఆ అమ్మాయి ఇంటర్ చదువుతూ, కాలేజీ జట్టులో కూతకు వెళుతుంది. నలుగురు చుట్టుముట్టినా సబ్బుముక్కలా జారి వచ్చేస్తుంది. తన ఆట గురించి నేను చాలాసార్లు రాశాను. వేసవిలో విశాఖలో నెల రోజుల శిక్షణ క్యాంపుకి ఎంపికైంది. మాస్టారు పంపనన్నారు. ఆ అమ్మాయి నా షాపుకొచ్చి, "అంకుల్, మీరు చెబితే నాన్నగారు వింటారండి" అంది. నేను చెబితే మా ఇంట్లో కుక్క కూడా వినదని పాపం తనకి తెలీదు.

వెళ్ళాను. మాస్టారు కుర్చీ వేయించి, బొండాం కొట్టించి ఇచ్చి, నేను చెప్పిందంతా విన్నారు. విని, "శనివారం మీరు టీవీలో మాట్లాడతారంట గదండి" అన్నారు.

"ఆయ్."

"నా ఇంట్లో కూర్చుని నాకు చెప్పడం వేరండి, లోకం ముందు చెప్పడం వేరు. అక్కడేం చెబుతారో వింటాను. ఆదివారం చర్చి నుంచి వచ్చేక ఏ సంగతీ తేల్చుకుందాం."

అలా ఆ అమ్మాయి క్యాంపు వచ్చి నా నోటిమీద కూర్చుంది.

ఆ వారమంతా మోటార్లకి తీగ చుడుతూ వాటితోనే మాట్లాడాను. 'క్రీడాస్ఫూర్తి' అనే మాట ఒకటి నన్ను పీక్కుతింది. రాయమంటే రాస్తాను. నోట్లో ఆ ఒత్తు ఎక్కడ తగిలించాలో తెలీదు. బండి మీద వెళుతూ పలికి చూస్తే ఎదురుగాలికి ఒత్తు ఎగిరిపోయింది. మా ఆవిడ రెండ్రోజులు చూసి, షాపు గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏవండీ, ఎవరితోనండి మాటలు?"

"మోటారుతో."

"అదేవన్నా తిరిగి అంటందా?"

"ఇంకా కనెక్షన్ ఇవ్వలేదు."

"పెళ్ళిచూపుల్లోనే మీకు మాట పెగల్లేదు. మూగోడేమోనని మా నాన్న మీ బాబాయిగార్ని పక్కకి పిలిచి అడిగేరు. ఇప్పుడు ఊరందరి ముందూ మాట్లాడతారంట."

మా అమ్మాయి పదో తరగతి. ఫోనులోంచి తల ఎత్తకుండానే, "నాన్నా, గళ్ళ చొక్కా వద్దు. టీవీలో గళ్ళు పాకుతాయి" అంది.

నిజం చెప్పాలంటే భయం కంటే అలసటే ఎక్కువ. ఎండలు ముదిరితే చెరువుల మీద ఏరియేటర్లు ఆగకుండా తిరుగుతాయి, మోటార్లు కాలుతూనే ఉంటాయి. వంగిన నడుం లేవనంటుంది. కబడ్డీలో పోగొట్టుకున్న కుడి మోకాలు మెట్టు కనబడితే మొరాయిస్తుంది. భయపడాలన్నా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. నేను రోజంతా పని చేసి, మిగిలినదాంతో భయపడేవాణ్ణి.

శనివారం తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాను. వాళ్ళ ఆఫీసు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పైకి చేరేసరికే నాకు కూత ఆగిపోయింది. ఇరుకు గది, వెనకాల నీలం గుడ్డ. కెమెరా చూసుకునే ఆయన నా చెవిలో ఇయర్‌ఫోన్ దోపి, కాలరుకి మైకు తగిలించాడు.

"యాంకరమ్మగారు కనబడరాండి?" అన్నాను.

"కనబడరండి. ఆ అద్దం వంక చూసి మాట్లాడండి. ఆవిడే అనుకోండి."

కెమెరా అద్దం వంక చూశాను. అలా రెప్ప వేయకుండా నన్ను చూసింది అంతకుముందు మా లెక్కల మాస్టారొక్కరే.

ఇక్కడ మా ఆయ్ గురించి చెప్పాలి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మేము మధ్యమధ్యలో ఆయ్ అంటాం. ఔనని అన్నప్పుడూ ఉంటుంది, వింటున్నాను చెప్పండి అన్నప్పుడూ ఉంటుంది. ఫోనులో అయితే మరీను. మనిషి కనబడడు కాబట్టి, ఆయ్ ఆగిందంటే లైను పోయిందనుకుంటారు. కనబడని యాంకరమ్మ చెవిలో మాట్లాడటం మొదలుపెట్టగానే నా నోరు తన పని తాను చేసుకుపోయింది.

"కబడ్డీలో దెబ్బలు ఎక్కువగా తగులుతుంటాయి..." అందావిడ.

"ఆయ్."

"ముఖ్యంగా అమ్మాయిలకి మోకాళ్ళు..."

"ఆయ్."

"ఒకసారి మోకాలు పోయిందంటే చదువు, పెళ్ళి, భవిష్యత్తు, అన్నిటికీ ఇబ్బందే అంటారు."

"ఆయ్."

అలా అంటున్నది నేనేనని నాకు వెలిగేసరికి ఆవిడ, "చూశారుగా, కబడ్డీ విశ్లేషకులే స్వయంగా ఒప్పుకుంటున్నారు" అంటోంది. ముక్తేశ్వరంలో టీవీ ముందు కూర్చున్న మాస్టారు కళ్ళ ముందు కదిలారు.

"అది కాదండి. ఆయ్ అన్నది ఔనని కాదండి, వింటున్నానని."

"అంటే మీరు ఒప్పుకోవడం లేదా?"

"ఆయ్... అంటే, లేదండి."

కెమెరా ఆయన భుజాలు ఊగుతున్నాయి.

అక్కణ్ణుంచి కాస్త తేరుకున్నాను. చెప్పాల్సింది చెప్పాను కూడా. మా అమ్మాయిలు గట్టి నేల మీద ఆడుతున్నారని, ఎలా పడాలో నేర్పేవాళ్ళు లేకపోతేనే దెబ్బలు ఎక్కువని, మెత్తటి మ్యాటు మీద నేర్పించడానికే క్యాంపులని. క్రీడాస్ఫూర్తి జోలికి వెళ్ళలేదు. ఊపిరి అందుతోంది. పట్టుబడకుండా గీత దాటి వచ్చేస్తున్నట్టే అనిపించింది. అప్పుడావిడ ఆఖరి ప్రశ్న వేసింది.

"మరి మీకొక అమ్మాయి ఉంటే, మీరు పంపిస్తారా?"

ఉంటే ఏమిటి, ఉంది. అడిగినదానికీ అడగనిదానికీ ఆయ్ అన్నవాణ్ణి, అక్కడ మాత్రం ఏమీ రాలేదు. ఆ మూడంతస్తుల మెట్లు మా అమ్మాయి కుంటుకుంటూ ఎక్కుతున్నట్టు కనబడింది. చెవిలో "హలో, వినబడుతోందా అండీ?" అంటున్నారు. వినబడుతూనే ఉంది. "లైను తెగినట్టుంది" అని యాంకరమ్మ ప్రకటనలకి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాను. మా ఆవిడ "చొక్కా బాగుందండి" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోట అంతకంటే ఘోరమైన మాట నేను వినలేదు. అన్నాల దగ్గర మా అమ్మాయి అడిగింది.

"నాన్నా, లైను పోలేదు కదా?"

"పోలేదమ్మా."

"నాకు కబడ్డీ అంటే చిరాకు. బతిమాలినా వెళ్ళను." పప్పు వడ్డించుకుంది. "కానీ పంపుతాననుంటే బాగుండేది."

పెరుగు కలుపుతూ కూర్చున్నాను. ఆ రోజుకి మాట్లాడింది చాలనుకున్నాను. చాలలేదని తెలుసు.

ఆదివారం మాస్టారింటికి వెళ్ళడానికి బండి కూడా మూడుసార్లు ఆలోచించి స్టార్టయింది. ఆయన అప్పుడే చర్చి నుంచి వచ్చి వరండాలో కూర్చున్నారు. ఆ అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మాస్టారూ, ఆ మోకాళ్ళ ముక్క ఉందే..." అని మొదలుపెట్టాను.

"అది నాకు చెప్పాలాండి? నేనూ ఇక్కడోణ్ణే గదా. క్లాసులో అందరూ ఆయ్ ఆయ్ అంటారు, ఒక్కడికీ పాఠం ఎక్కదు." ఆయన నవ్వలేదు. "ఆఖరిది అడుగుతాను. లైను పోయిందాండి?"

అబద్ధానికి దారి చక్కగా తెరిచి ఉంది. పోయిందండి, లేకపోతే పంపుతానని చెప్పేవాణ్ణి అంటే సరిపోయేది. గుమ్మం దగ్గర అమ్మాయి కళ్ళతోనే అనమంటోంది. కానీ అలిసిపోయిన మనిషికి అబద్ధం కూడా బరువే. ఆడేస్తే అయిపోదు, ఆ తర్వాత దాన్ని మోయాలి.

"పోలేదండి. భయమేసింది. ఊళ్ళో పిల్లల గురించి రాసేటప్పుడు ఎప్పుడూ వెయ్యలేదండి. నా పిల్ల అనేసరికి వేసింది."

ఆ అమ్మాయి తల దించేసుకుంది. టీవీలో చెడగొట్టింది చాలక ఇంటికొచ్చి మిగిలింది చెడగొట్టాను అనుకున్నాను.

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "మీరు టక్కున పంపుతాననుంటే నేను పంపేవాణ్ణి కాదండి. టీవీలో అందరూ పంపుతారు" అన్నారు. "ఈ భయం నా ఒక్కడి పిరికితనమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎవరికీ చెప్పకుండా దాచేను." ఇంకాసేపు తుడిచారు. "ఇది పోయే భయం కాదండి. పోయేదాకా ఆగితే మా పిల్లకి ఆడే వయసు దాటిపోద్ది. వెళ్ళనివ్వండి. బడికి సెలవులే గదా, మొదటి వారం నేనూ వెళతాను. గ్రౌండు పక్కన కూర్చుంటాను. ఏవీ అనను."

"మీరు అంటారు నాన్నగారూ" అందా అమ్మాయి.

"అంటే వినకు."

వాళ్ళు బయలుదేరే రోజు అమలాపురం బస్టాండుకి వెళ్ళాను. ఆ అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని, "అంకుల్, భయం తగ్గిందాండి?" అంది.

"లేదమ్మా."

"నాన్నగారికీ తగ్గలేదంట. నాకైతే లేదు."

బస్సు కదిలింది. పక్క సీట్లో మాస్టారు సంచిలోంచి నొప్పుల మందు సీసా తీసి, మూత గట్టిగా ఉందో లేదో చూసి, మళ్ళీ లోపల పెట్టుకుంటున్నారు.