జేజి చూసిన సముద్రం

మొన్న బుక్కరాయసముద్రం చెరువు నిండిందని తెలిసి కట్ట మీదికి పోయాం. మా పక్కనే ఒక పాప వాళ్ళవ్వ కొంగు లాగి, "సముద్రం గూడా ఇంతే ఉంటాదా?" అని అడుగుతోంది. అవ్వ ఏం చెప్పిందో నాకు వినపడలేదు. నాకు మా జేజి, అంటే నాయన తల్లి, గుర్తొచ్చింది.

మాది ధర్మవరంలో పట్టుమగ్గాల ఇల్లు. అమ్మ పుట్టిల్లు చీరాల దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. వాళ్ళవి నూలు మగ్గాలు. అమ్మ పెళ్ళిలో అమ్మమ్మ ఎవరితోనో "నీళ్ళు లేని ఊరికి పిల్లనిచ్చాం" అన్నదట. అది జేజి చెవిన పడింది. అంతే, పదమూడేళ్ళు ఆ వియ్యపురాళ్ళ మధ్య మాటల్లేవు. డెబ్భైల చివర ఒక వేసవిలో మా వీధి బావి ఎండిపోయింది. సెలవులకు అమ్మా నేనూ బయలుదేరుతుంటే నాయన జేజితో, "నువ్వు గూడా పోమ్మా, ఈడుండి బిందె నీళ్ళకు కొట్లాడేకన్నా" అన్నాడు. జేజి దారి పొడుగునా మూతి ముడుచుకునే ఉంది.

అక్కడ తెల్లవారగానే తాతయ్య నన్ను ఒడ్డుకు తీసుకుపోయేవాడు. ఇసుక మీద ఎర్రటి పీతలు ఆరబోసినట్టుండేవి. అడుగు వేస్తే చాలు, అన్నీ బొరియల్లోకి మాయం. అవి ఎండ్రకాయలని నేను, పీతలని ఆయన, రోజూ అదే వాదం. దూరాన డాల్ఫిన్ల వీపులు లేచి మునిగేవి. జేజి మాత్రం మొదటిరోజే సముద్రంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఆ సాయంత్రమంతా, గోడతో చెప్తున్నట్టు అమ్మమ్మకు వినపడేలా, "ఇన్ని నీళ్ళుండి ఏం లాభమప్పా, తాగనీకి చెంబుడు లేవే!" అంటూనే ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే తాతయ్య పరుగున వచ్చి అందర్నీ ఒడ్డుకు రమ్మన్నాడు. మేం పోయేసరికి ఒకచోట ఇసుక ఉడుకుతున్నట్టు కదులుతోంది. అందులోంచి అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లలు గుంపులుగా లేచి నీళ్ళవైపు పాకుతున్నాయి. కాకులు అప్పుడే దిగాయి. నా కళ్ళముందే ఒకటి ఒక పిల్లను ముక్కున కరుచుకుపోయింది. నేను ఏడుపు లంకించుకున్నాను. జేజి కోక ఎగ్గట్టింది. చిన్నప్పుడు గోరంట్ల చేలల్లో పిట్టల్ని తోలిన మనిషి ఆమె. "హోయ్!" అన్న ఆ ఒక్క అరుపుకు కాకులే కాదు, వలలు లాగుతున్న మనుషులూ అదిరిపోయారు. రెండో పక్క అమ్మమ్మ తువ్వాలు తిప్పుతూ నిలబడింది. ఇద్దరి మధ్య నుంచి పిల్లలు సాగిపోయాయి.

చివరిది దారి తప్పి ఊరివైపు తిరిగింది. జేజి ఎత్తబోతే తాతయ్య, "వద్దు అక్కయ్యగారూ, దాన్నే నడవనివ్వండి" అన్నాడు. జేజి ఊరుకుంటుందా? మడమతో ఇసుకలో కాలువ గీసి, మడికి నీళ్ళు మళ్ళించినట్టు దాన్ని సముద్రంవైపు మళ్ళించింది. దాని వెంటే మోకాళ్ళ లోతుకు దిగింది. అల వెనక్కి పోతూ కాళ్ళకింద ఇసుక లాగేసరికి కేక పెట్టి, వెనకే దిగిన అమ్మమ్మ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"ఇడిసిపెడితే పోతా నేను!"

"విడవనులే వదినా." ఆ చేతుల్ని గట్టిగా పట్టుకుని అమ్మమ్మే అంది, "ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"యా మాట? నీళ్ళు లేవన్నదేనా? నిజమే గదా, యాడుండాయి!"

ఇద్దరూ నవ్వారు. మా అమ్మ ఎందుకో ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

మరుసటేడు అమ్మమ్మ ధర్మవరం వచ్చి, జేజితో కలిసి బోరింగు దగ్గర బిందెతో వరుసలో నిలబడింది. ఆ తర్వాత ఏటా ఒకరింటికొకరు. పదమూడేళ్ళు మాట్లాడుకోని ఆ ఇద్దరికి, జేజి పోయేలోగా మాట్లాడుకోవడానికి దొరికింది పదకొండేళ్ళే. లెక్కకు తక్కువే గానీ, నాకు మాత్రం ఆ పదకొండే పొడుగ్గా గుర్తున్నాయి.