పిన్ని ముక్కుకు దొరికిన ఉద్యోగం

మా పిన్ని హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. అతిథులు సగం వాడి వదిలేసిన బొటనవేలంత షాంపూ సీసాలను చెత్తలో వెయ్యాలని అక్కడి నియమం. పిన్నికి ప్రాణం ఒప్పేది కాదు. ఇరవై ఏళ్ళుగా వాటిని సంచి అడుగున ఇంటికి చేర్చి, పెద్ద సీసాల్లోకి ఒంపేది. ఆ సీసాల్ని బాబాయి స్నానాలగది గోడకు బిగించాడు. మా ఇంటిల్లిపాదీ షాంపూ కొన్న పాపాన పోలేదు.

ఇంతలో చట్టం వచ్చిపడింది. హోటళ్ళలో చిన్న ప్లాస్టిక్ సీసాలు ఇవ్వకూడదట, గోడకు పెద్ద సీసాలు బిగించి నింపుకోవాలట. "మనింటి సంగతి వాళ్ళకెవరు చెప్పారే?" అని బాబాయి హడలిపోయాడు.

పిన్ని దిగులు వేరు. సీసాలు సర్దే పని తగ్గింది కాబట్టి నెలాఖరుకి ఒకరిని తీసేస్తానన్నాడు మేనేజరు. అందరిలోకి వయసులో పెద్దది పిన్నే.

ఆ మేనేజరు తెలివి తెల్లారినట్టే ఉంది. అందంగా ఉంటాయని గదికి మూడు సీసాలు, మూడూ ఒకే రంగువి, పైన ఒక్క అక్షరం లేనివి తెప్పించాడు. లోపలి సరుకులూ తెల్లవే. మొదటి వారమే ఒక పెద్దమనిషి తలకి ఒంటి క్రీము పట్టించి, ఎంత రుద్దినా నురగ రాక, జిడ్డోడుతూ వచ్చి మేనేజరు మీద విరుచుకుపడ్డాడు. నలభై గదుల్లో ఏ సీసాలో ఏముందో ఎవరికీ తెలీదు. అన్నీ పారబోసి మళ్ళీ నింపమన్నాడు మేనేజరు.

పారబోయడం అనేసరికి పిన్ని ఆగలేకపోయింది. ఒక్కో చుక్క వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి, "ఇది షాంపూ, ఇది ఒళ్ళు రుద్దుకునేది, ఇది క్రీము" అని గది గదికీ తిరిగి చెప్పేసింది.

"నీకెలా తెలుసు?" అన్నాడు మేనేజరు.

అబద్ధమాడ్డం చేతకాకపోవడమే పిన్నికున్న దుర్గుణం. "ఇరవై ఏళ్ళుగా మిగిలినవి ఇంటికి పట్టుకెళ్తున్నా సార్."

"అది దొంగతనం కాదూ!"

"అవును సార్." తల దించుకున్న పిన్ని మళ్ళీ ఎత్తి, ముక్కు ఎగబీల్చింది. "మీ తలా ఈ హోటలు షాంపూ వాసనే వేస్తోంది సార్. మిగిలినవన్నీ నేనే తీసుకెళ్ళాను కదా, మీవి నిండు సీసాలై ఉంటాయి."

పక్కనున్న పనమ్మాయిలు గోడవైపు తిరిగిపోయారు. మేనేజరు చెయ్యి తలమీదికి వెళ్ళి ఆగిపోయింది. "రేపట్నుంచి సీసాలు నింపే పని నీదే" అని చరచరా వెళ్ళిపోయాడు.

ఉద్యోగం నిలిచింది, ఇంట్లో సీసాలు ఎండిపోయాయి. మొన్న పిన్ని తన జీవితంలో మొదటిసారి షాంపూ కొనడానికెళ్ళింది. కొట్టతను చిన్న సీసా తీసిచ్చాడు.

"వద్దు నాయనా," అంది పిన్ని. "పెద్దదివ్వు. చట్టం ఒప్పుకోదు."