బొట్టు కింద గీత

నగరి బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. "మునిరత్నం సారు పోయినాడప్పా. తెల్లారుజామున గుండె నొప్పంట" అన్నాడు సాఫ్ట్‌బాల్ కోచ్ బాబు. ముందురోజు సాయంత్రమే ఆయన నాతో మాట్లాడారు. ఆదివారం తిరుపతిలో ఆడపిల్లల మ్యాచ్‌కు మేమిద్దరమే అంపైర్లం. "తొందరగా రా, హెల్మెట్లు సూడాల" అని ఫోన్ పెట్టేశారు. ఆయన మాట నేను విన్నది అదే ఆఖరు.

ఆట మొదలయ్యే ముందు పిల్లల బ్యాట్లు, హెల్మెట్లు పరీక్షించడం అంపైర్ల పని. చాలామందిమి చూపుతో సరిపెడతాం. ఆయన ప్రతి హెల్మెట్‌నూ అరచేతుల మధ్య నొక్కి, గోటితో గీరి చూసేవారు. ఆయుధపూజ తర్వాత వచ్చే మ్యాచ్‌లంటే మాకు బెదురు. మా వైపు మగ్గాలకూ బస్సులకూ పెట్టినట్టే ఆటసామానుకూ గంధం, కుంకుమ పెడతారు. ఎండిన గంధం కింద పగులు కనబడదు. ఆయన తడిగుడ్డతో అన్నీ తుడిచేవారు.

ఒకసారి పుత్తూరులో ఒక తల్లి అడ్డం వచ్చింది.

"ఆడబిడ్డ బొట్టు తుడిసేది ఏం పద్ధతి సార్?"

"పాప నొసల మీద నేను సెయ్యి పెట్టలేదమ్మా. టోపీ తుడిసినా."

"మీ ఇంట్లో అయితే తుడస్తారా?"

"మా ఇంటామె స్కూటరు అద్దం మీద పెడతాది. రోజూ నేనే తుడస్తా ఉండా."

ఆ హెల్మెట్‌కు పగులు లేదు. పిల్ల ఏడుస్తూనే బ్యాటింగ్‌కు వెళ్లి అవుటైంది, జట్టు ఓడింది. ఆయనకు 'బొట్టు చెరిపే సారు' అని పేరు పడింది. అనవసరంగా ఏడిపించామేమో అన్నాను తిరుగు బస్సులో. "పగుల్లేదని తుడిసినాక గదా తెలిసింది" అన్నారు.

ఆయన మెత్తని మనిషి కాదు. కోచ్‌లను పిల్లల ముందే కసిరేవారు. ఆయన గురించి పెద్ద మాటలు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పైన పూసినదేదైనా ఆయనకు అనుమానమే.

ఆదివారం మ్యాచ్ ఆపలేదు. మైదానంలో కుర్చీ మీద ఆయన ఫొటో పెట్టి దండ వేశారు. పిల్లలు తమ హెల్మెట్లన్నీ దాని ముందు పేర్చి, గంధం, కుంకుమ పెట్టారు. నేను తడిగుడ్డ తీశాను.

"ఈ ఒక్కరోజు వదిలెయ్యప్పా. సారు పేరు మీద పెట్టిన బొట్టు గదా" అన్నాడు బాబు.

"అందుకే తుడస్తా ఉండా" అన్నాను.

ఒక హెల్మెట్ మీద, బొట్టు కింద, చెవికి కాస్త పైన సన్నని గీత కనిపించింది. నొక్కి చూశాను. గోటితో గీరి చూశాను. అది రంగు మీది గీతో, లోపలి దాకా పోయిన పగులో తెలియలేదు. ఆయన చేతికి తెలిసేది. అడుగుదామని అలవాటుగా పక్కకు తిరిగాను. కుర్చీలో ఫొటో ఉంది.

దాన్ని ఆటలోంచి తీసేశాను. అది తెచ్చుకున్న అమ్మాయి తోటి పిల్ల హెల్మెట్ పెట్టుకుని ఆడింది.

ఆ గీత ఉన్న హెల్మెట్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అప్పుడప్పుడూ చేతుల్లోకి తీసుకుని నొక్కి చూస్తున్నాను. నాకు ఇంకా తెలియడం లేదు.