మా మేనమామ బండికి అమెరికా తీర్పు

మా మేనమామ చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద బండి మీద మిర్చి బజ్జీలు వేసేవాడు. రోడ్డుకు అడ్డమని ఒకరోజు మున్సిపల్ ఆఫీసువాళ్లు లారీలో వచ్చి బండిని ఎత్తుకుపోయారు. విడిపించుకుందామని మామ చెప్పులరిగేలా తిరిగాడు. "ఏ బండి?" అని ఆయన్నే అడిగారట. అప్పటి నుంచి ఎవరిదో హోటల్లో ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

ఉప్పుగూడలో మా గల్లీకి ఈ మధ్య ఒక చెత్తబండి వచ్చింది. కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు, పక్కన 'ప్రభుత్వ ఆస్తి' అని తెల్లటి అక్షరాలు. సరిగ్గా మామ గుమ్మం ముందే దాని చక్రం ఊడింది. తోసుకొచ్చిన భాయ్ పానా అడుగుదామని తలుపు కొట్టాడు. మామ బయటికొచ్చి బండి ముందంచు తడిమాడు. శుక్రవారం శుక్రవారం కొబ్బరికాయ కొట్టి కొట్టి తను చేసిన సొట్ట అక్కడే ఉంది. అంతే, ఎక్కి చెత్త మీదే కూర్చున్నాడు.

"ఇది నా బండి. నేను దిగ."

"సర్కారు బండి అన్నా అది. దిగు, నా నౌక్రీ పోతది."

గల్లీలో కుర్చీలు పడ్డాయి. పొద్దున చెత్తకు, సాయంత్రం మిర్చికి వాడుకోండని ఎదురింటి పెద్దమ్మ తీర్పు చెప్పేసింది. అది ఇద్దరికీ నచ్చలేదు. నేను లా కాలేజీలో పాఠాలు చెబుతాను కనుక పై కోర్టుగా నన్ను పిలిచారు. నోరూరుకోదు కదా, అచ్చం ఇలాంటి కేసే పూర్వం అమెరికా పెద్ద కోర్టుకు వచ్చిందని మొదలుపెట్టాను.

ఇద్దరు అమెరికా వ్యాపారుల ఓడను నడిసముద్రంలో ఒక పరాయి చక్రవర్తి మనుషులు పట్టుకుపోయారు. పేరు మార్చి, ఫిరంగులు బిగించి, యుద్ధనౌకను చేసుకున్నారు. తర్వాత తుఫానుకు దెబ్బతిని అదే ఓడ మరమ్మతుకని అమెరికా రేవుకే వచ్చింది. మా ఓడ మాకిప్పించండని వ్యాపారులు కోర్టుకెక్కారు.

"గెలిచిన్రా?" చెత్త మీద మామ లేచి నిలబడ్డాడు.

"లేదు మామా. మనతో స్నేహంగా ఉన్న రాజు యుద్ధనౌక, దాని జోలికి మేం రాలేం అన్నారు జడ్జీలు."

"మరి ఓడ ఎవరిది?"

"అది తేల్చలేదు."

"తేల్చకుంటే అది తీర్పెట్లయితది?"

"అయితే బండి నాదేనా సార్?" అన్నాడు భాయ్ ఆశగా.

"నీది కూడా కాదు భాయ్."

"మరి గీ లొల్లి ఏంది సార్, నేను పోతా."

మామ దిగిపోయాడు. తీర్పు విన్నాక కూర్చునే హక్కు లేదనుకున్నాడో ఏమో. భాయ్ మిగిలిన చక్రాల మీదే బండిని లాగబోయాడు. ఇరుసు నేలకు గీసుకుంటూ కీచుమంది. ఆ చప్పుడు మామ భరించలేకపోయాడు. తిట్టుకుంటూ లోపలికెళ్లి పానా తెచ్చి, చక్రం తనే బిగించి, వంటింటి నూనె కూడా పోశాడు. "ఎడమ దిక్కు గుంజుతది. జర పట్టుకొని తొయ్యి" అన్నాడు. నాకు ఆ జడ్జీల మీద, నా చదువు మీద ఒళ్లు మండిపోయింది.

బండి గల్లీ మలుపు తిరిగేదాకా మామ కదలలేదు.

"అల్లుడూ, ఓడ మళ్ల పోతుంటే ఆ ఇద్దరు రేవుల నిలవడి చూసిన్రా?"

"పుస్తకంలో రాయలేదు మామా."

"చూసుంటరు" అని లోపలికి పోయాడు.