కట్టకుండా ఎత్తించిన కాలు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక చర్చివాళ్లకు ప్రథమ చికిత్స నేర్పానని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి అవతలికి పోతాను. నేర్పిన మాట నిజమే. ఎట్లా నేర్పానో, దానివల్ల ఏం జరిగిందో వాళ్లకు తెలియదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పాత ఊరైన పేటలో మా నాన్నకు నూలుబట్టల అంగడి ఉండేది. నేను బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. తూర్పు తీరంలో బాంబులు పడ్డాయని పత్రికల్లో వచ్చాక బెంగళూరు కూడా బెదిరింది. కిటికీ అద్దాలకు నల్లకాగితాలు అంటించారు, మైదానాల్లో కందకాలు తవ్వారు. సర్కారువాళ్లు కొందరు ఉపాధ్యాయుల్ని పిలిచి గాయాలకు కట్లు కట్టడం, మంటలు ఆర్పడం, దెబ్బతిన్నవాళ్లను మోయడం పదిహేను రోజులు నేర్పారు. చివర పెట్టిన రాతపరీక్షలో నేను మొదట వచ్చాను. ఒంట్లోని ఎముకలన్నిటి పేర్లూ గడగడా ఒప్పజెప్పేవాణ్ణి. ఇక మీరు ఇంకొకరికి నేర్పండి అని నన్ను దండులోని ఒక తెలుగు చర్చికి పంపారు.

అక్కడి పాస్టరుగారు చిత్తూరు వైపు పెద్దాయన. బాంబులు పడినా పడకపోయినా, ఏ ఆపద వచ్చినా తమ వీధివాళ్లు మొదట పరుగెత్తుకొచ్చేది చర్చికేననీ, అప్పుడు ముందు నిలబడి దారి చూపేవాళ్లు పదిమందైనా తనకు కావాలనీ చెప్పారు. పద్దెనిమిదిమంది వచ్చారు. వాళ్లలో ఒక వడ్రంగి, ఒక రైల్వే గుమాస్తా, పిల్లలకు పాటలు నేర్పే ఇద్దరు ఆడవాళ్లు, ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే ఒకామె ఉన్నారు. ఆ ఆయా తండ్రి దర్జీ. చర్చి వసారాలో మిషను వేసుకుని పాత దుప్పట్లను మూడుమూలల కట్టుగుడ్డలుగా కత్తిరించి, అంచులు కుట్టి ఇచ్చేవాడు. లోపల నేను చెప్పే పాఠమంతా ఆయన చెవిన పడుతూ ఉండేది.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. వాళ్లలో చాలామంది రెండు మూడు తరాల కిందట ఊరి బయట ఉంచబడ్డ కుటుంబాలవాళ్లు. అది నాకు తెలుసు. దండు నుంచి రాగానే మా అమ్మ పెరటి గుమ్మం దగ్గర నీళ్లు పెట్టి ఉంచేది, స్నానం చేశాకే లోపలికి రానిచ్చేది. ఇదంతా అమ్మ చాదస్తమని నేను అనుకునేవాణ్ణి, నాకేమీ పట్టింపు లేదని కూడా అనుకునేవాణ్ణి. కానీ విరిగిన కాలికి బద్దలు ఎట్లా కట్టాలో చూపించాల్సిన రోజు నేను ఇంటి నుంచి ఒక పొడుగాటి దిండు సైకిలుకు కట్టుకుని వెళ్లాను. అది కాలనుకోండి అన్నాను. రెండు నెలలూ ఆ దిండుకే కట్లు కట్టించాను, దాన్నే స్ట్రెచరు మీదికి ఎత్తించాను. వాళ్లు ఒకరి మీద ఒకరు నేర్చుకుంటే నేను వంగి వాళ్ల చేతులు పట్టుకుని సరిదిద్దాల్సి వచ్చేది.

ఆయా ఒకరోజు లేచి అడిగింది. “అయివారూ, దిండుకు నొప్పి తెలీదు కదా. మనిషైతే కాలు ముట్టనియ్యడు, తన్నుతాడు. మమ్మల్ని ఒకరి మీద ఒకరు నేర్చుకోనీండి.”

ముందు పద్ధతి వంటబట్టాలనీ, ఆమీద చూద్దామనీ చెప్పి కూర్చోబెట్టాను. ఆస్పత్రిలో రోజూ చూసే మనిషి ఆమె. నేను పుస్తకంలో చూసినవాణ్ణి.

బాంబులు రాలేదు. వాన వచ్చింది. ఆ ఏడు దసరా వెళ్లాక నాలుగు రోజులు ముసురు పట్టి వదల్లేదు. ఐదోరోజు మధ్యాహ్నం చర్చి హాలులో మేము పాఠానికి కూర్చోబోతుండగా వెనక సందులో పెద్ద చప్పుడైంది. నానిపోయిన మట్టిగోడ ఒకటి దర్జీ ఇంటి మీద పడింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లిన ఆయన గుమ్మంలోనే చిక్కుకున్నాడు. కూతురు ఆస్పత్రిలో పనిలో ఉంది.

మావాళ్లు బాగా చేశారు. అది చెప్పకపోతే అన్యాయం. వడ్రంగి ముందు నిలబడి మిగిలిన గోడకు వాసాలు ఆనించాడు, రైల్వే గుమాస్తా చుట్టూ మూగిన జనాన్ని వెనక్కి పంపాడు, మిగతావాళ్లు మట్టి తోడి దర్జీని బయటికి లాగి, తడవని చోట, చర్చి వసారాలో పడుకోబెట్టారు. ప్రమాదం దాటింది. బద్దలున్నాయి, ఆయన కుట్టిన గుడ్డలే ఉన్నాయి. కుడికాలు మోకాలి కింద వంకరపోయి ఉంది. విరిగినచోట తోలు తెగలేదు.

వడ్రంగి నా వైపు చూశాడు. “అయివారూ, మీరు పాదం పట్టుకొని కదలకుండా సాగదీసి ఉండండి. మేము బద్దలు కడతాము.”

పద్ధతి అదే. నేనే చెప్పాను. పాదం నిండా బురద, వేళ్ల దగ్గర నెత్తురు. నా చేతులు వెనక్కి వెళ్లిపోయాయి. అది నెత్తురంటే భయమో, ఆ పాదం ముట్టుకోవడమంటే వెనకాడటమో ఎన్నో ఏళ్లు నాలో నేను తర్కించుకున్నాను. రెండూ ఉన్నాయి. రెండోదే ఎక్కువ.

“వద్దు, ఆస్పత్రి దగ్గర్లోనే ఉండాది కదా. బేగ ఎత్తండి” అన్నాను.

దర్జీ కళ్లు తెరిచాడు. “కట్టినాక ఎత్తాలని మీరే కదా చెప్పిండేది” అన్నాడు, పాఠంలో సందేహం అడిగినట్టు, మెల్లగా.

నేను మళ్లీ ఎత్తమన్నాను. అయివారు చెప్పాడని వాళ్లు ఎత్తారు. ఆస్పత్రి మెట్లెక్కేటప్పుడు స్ట్రెచరు ఒక పక్కకు ఒరిగింది. ఆయన ఒక్క అరుపు అరిచాడు. ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది.

కబురు తెలిసి కూతురు వార్డులోంచి పరుగెత్తుకొచ్చింది. తండ్రి మొహం కంటే ముందు కాలు చూసింది. బద్దలు కట్టకుండా ఎత్తమని ఎవరు చెప్పారని అడిగింది.

“నేను కట్టమనే చెప్పినాను. వీళ్లు గాబరాపడి ఎత్తేసినారు” అన్నాను.

వడ్రంగి, రైల్వే గుమాస్తా నా పక్కనే ఉన్నారు. చొక్కాలు తడిసి ఒంటికి అంటుకుని ఉన్నాయి, గోళ్ల నిండా మట్టి. వడ్రంగి ఒకసారి నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి.

ఆ ఆదివారం పాస్టరుగారు నన్ను పిలిపించి, ప్రార్థన అయ్యాక దర్జీని కాపాడినందుకు అందరి ముందూ నిలబెట్టి కృతజ్ఞత చెప్పారు. నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను. ఆ తర్వాత మూడు వారాలు జ్వరమని కబురు పంపి పాఠానికి వెళ్లలేదు.

నాలుగోవారం ఆస్పత్రికి వెళ్లాను. గాయం చీము పట్టి, కాలు తీసేయాల్సి వస్తుందేమోనని భయపడి, చివరికి దక్కించారు. కానీ వంకరగానే అతుక్కుంది. దర్జీ నన్ను చూసి లేవబోయాడు. పాఠాలు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. గోడ పడకముందే ఇంకొక డజను కట్టుగుడ్డలు కత్తిరించి వసారాలో మిషను దగ్గర పెట్టాననీ, కుట్టడం ఒక్కటే మిగిలిందనీ చెప్పాడు. మా అమ్మ ఆరోగ్యం కూడా అడిగాడు. ఐదు నిమిషాలు కూడా ఉండలేక లేచాను.

కూతురు వరండా దాకా వచ్చింది. కోపం లేని గొంతుతోనే అంది. “ఆ పొద్దు జరిగిందంతా నాయన నాకు చెప్పినాడు, అయివారూ. నొప్పిలో ఉన్నా చెవులు వినపడతాయి. ఎవరికీ చెప్పొద్దన్నాడు, నేను చెప్పలేదు. వాళ్లిద్దరి మీద పెట్టిన నింద మాత్రం మీరే తీయాల.”

మర్నాడే హాలులో పద్దెనిమిదిమందినీ కూర్చోబెట్టి చెప్పాను. కట్టకుండా ఎత్తమంది నేనేననీ, కాలు పట్టుకోవడానికి వెనకాడి అట్లా అన్నాననీ చెప్పాను. ఎందుకు వెనకాడానో కూడా చెప్పాలని వెళ్లాను. నెత్తురంటే భయమని చెప్పి ఊరుకున్నాను. వాళ్లకు అర్థమయ్యే ఉంటుంది. రెండు నెలలు దిండు మోసినవాళ్లకు అర్థం కాకపోవడమేమిటి?

వడ్రంగి అన్నాడు. “ఆస్పత్రిలో ఆయమ్మ అడిగినప్పుడే చెప్పింటే బాగుండు.”

ఇకమీదట పాఠాలు ఆయానే చెప్పాలని నేనే పాస్టరుగారిని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు. ఆమెకు చదువు రాదు. పుస్తకంలో ఉన్నది నేను చదివి చెబితే, చేసి చూపించేది ఆమె. మొదటిరోజే జంఖానా పరిచి నన్ను పడుకోమంది. వడ్రంగి నా పాదం పట్టుకున్నాడు. చెక్క కోసి కోసి కాయలు కాచిన చేతులు. ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాడంటే, నాకు కళ్లలో నీళ్లు తిరిగి మొహం గోడ వైపు తిప్పుకున్నాను. తర్వాత అతను పడుకున్నాడు, నేను పట్టుకున్నాను. ఆమె వచ్చి నా వేళ్లు సరిచేసింది.

మరుసటి ఎండాకాలం పక్క వీధిలో పూరిళ్లు అంటుకున్నప్పుడు వాళ్లు వరుస కట్టి నీళ్లు అందించి, ముసలివాళ్లను మోసి, కాలినవాళ్లను ఆస్పత్రికి చేర్చారు. ముందు నిలబడి నడిపించింది ఆ ఆయానే. నేను ఆ రోజు లేను. నా అవసరం కూడా రాలేదు.

దర్జీ కుడికాలు మిషను తొక్కడానికి పనికిరాలేదు. కొన్నాళ్లు ఎడమకాలితో ప్రయత్నించి మానేశాడు. తర్వాత గుండీలు కుట్టడం, కాజాలు వేయడం లాంటి చేతిపని మాత్రమే చేసేవాడు. యుద్ధం అయిపోయి మా ప్రథమ చికిత్స జట్టు లేకుండా పోయాక కూడా నేను అప్పుడప్పుడూ ఆయన దగ్గర చొక్కాలకు గుండీలు వేయించుకునేవాణ్ణి. ఊడనివాటికి కూడా. అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను గానీ ఆయన ముందు ఒప్పుకోలేదు. ప్రతిసారీ ఈసారి చెబుదామనే వెళ్లేవాణ్ణి. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ అమ్మ ఎట్లా ఉందని అడిగేవాడు. బాగానే ఉందని చెప్పి, చొక్కా తీసుకుని వచ్చేసేవాణ్ణి.