చిన్నతాత పోసిన కల్లు

నా చిన్నప్పుడు, ఏడేండ్ల వయసులనే, సిరోంచ కల్లు మండువల కూసొని మూడు తాటాకు రేకల కల్లు తాగిన అని అందరికి చెప్తుంట. నాలుగో రేకకు కల్లు గీసే మామ భయపడి నా కాళ్లు మొక్కిండని కూడ చెప్తుంట. ఎవరు నమ్మరు. నమ్మకపోవుడే మంచిది. నిజానికి ఖాళీ లొట్టి కుండ అంచుకు అంటిన నురుగును వేలితోటి తీసి నాకిన. పులుపుకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. నా తాగుడు అంతే.

ఇప్పుడైతే మా జిల్లాల మందు బందు. కావాలన్నోళ్లు వంతెన దాటి అవతలి రాష్ట్రానికి పోతరు. అప్పుడు ఊరి చివర, ప్రాణహిత ఒడ్డు దిక్కు, తాటిచెట్ల కింద మండువ ఉంటుండె. పేరుకు ఒక పందిరి, అది కూడ పక్కకు ఒరిగింది. పొద్దు వాలుతుంటే రైతులు, బండ్లోళ్లు, పడవ నడిపేటోళ్లు, జింగనూరు దిక్కు నుంచి ఇప్పపువ్వు అమ్మనీకె వచ్చిన గోండోళ్లు, అందరు అక్కడికే చేరేటోళ్లు. ఒకడు తెలుగుల తిడితే ఇంకొకడు మరాఠిల బదులిచ్చేటోడు. ఒక మూలకు పాట, ఒక మూలకు ఎద్దుల బేరం, నడుమ ఎవడో ఏడుపు. వారానికొక్కసారన్న పందిరి గుంజ ఊడేది. ఎండు చేపల వాసన, ఈగలు, కారం గుడాలు. ఇంట్ల మంచి మంచం ఉన్న మనుషులు కూడ వచ్చి ఆ మట్టిల కూసుండేటోళ్లు. ఎందుకో నాకు సమజ్ కాకపోయేది.

మా తాత కూడ పోయేటోడు. ఇంట్ల మాత్రం వరి మడికి నీళ్లు చూసొస్త అని చెప్పేటోడు. మడి ఇటు, మండువ అటు. ఒకనాడు వెనుక వెనుకనే పోయిన. అడుగుల జాడ పట్టి వేటగాని తీరు పోయిన అని చెప్తుంట గాని, తాత చెప్పుల చప్పుడు వినుకుంట పోయిన, అంతే.

పందిరి గుంజ చాటు నుంచి తొంగి చూసిన. తాత రెండు చేతులతోటి తాటాకు రేక పట్టుకొని మూతికి ఆనిచ్చుకున్నడు. లొట్టి వంచి అందుల పోస్తున్నది మా చిన్నతాత.

చిన్నతాత అంటే మా తాతకు సొంత తమ్ముడు. మా ఇంటికి, వాళ్లింటికి నడుమ ఒక్క గోడ. మా మేనత్త పెండ్లిల బంతికి కూసున్న మా నాయనమ్మ పుట్టింటోళ్లను, జాగ లేదని చిన్నతాత ఇంటోళ్లు లేపిండ్రు. ఇస్తరి ముందట నుంచి లేచిన తన అన్న మొఖాన్ని నాయనమ్మ మరువలె. ఆనాడే తాతతోటి ఒట్టు వేయించుకున్నది. ఆ ఇంటి గడప తొక్కొద్దు, వాళ్లతోటి మాట్లాడొద్దు, వాళ్ల చేతి నీళ్లు ముట్టొద్దు. గోడ అవతల మా చిన్ననాయనమ్మ గూడ మొగనితోటి అసొంటి ఒట్టే వేయించింది.

తాత ఒట్టు తప్పలె. ఇది పెంచి చెప్తున్న మాట కాదు. మండువకు గడప లేదు. కల్లు నీళ్లు కాదు. ఇగ మాటలంటరా, అన్నదమ్ములిద్దరు ఒకరి మొఖం చూసి ఒకరు ఒక్క ముక్క అనలె. మాటలు మోయనీకె కల్లు గీసే మామను ముందట కూసోబెట్టుకున్నరు.

"మామా, ఈ ముసలోనికి చెప్పు. దగ్గు పెరిగిందట, జర ఎండు చేపలు తక్కువ తినుమను" అన్నడు చిన్నతాత.

"నా దగ్గుతోటి వానికేం పనో అడుగు మామా. వాని ఎద్దు కుంటుతున్నది, ముందుగాల దాన్ని చూసుకొమ్మను" అన్నడు తాత.

మామ అటు తిరిగి, ఇటు తిరిగి, "నా మెడ పట్టుకపోయింది. ఇగ మీరు మీరే కొట్టుకొని చావుండ్రి" అన్నడు. చుట్టూ ఉన్నోళ్లు నవ్విండ్రు.

రేక పట్టుకున్నోనికి చేతులు ఖాళీ ఉండయ్, పొయ్యనీకె ఇంకో మనిషి కావాలె. తాత తాగి రేక దించి లొట్టి అందుకున్నడు. ఇప్పుడు చిన్నతాత రేక పట్టిండు. ఆ లొల్లిల ఎవరికి ఎవరు పోస్తుండ్రో చూసేటోడు లేడు. ఊరు మొత్తం మీద ఆ ఇద్దరు పక్కపక్కన కూసునే జాగ అదొక్కటే అని నాకు చాన ఏండ్లకు తెలిసింది.

లొట్టి నురుగు నాకినందుకు ఇంటికొచ్చేసరికి నా అంగికి కల్లు వాసన. నాయనమ్మ చెవి పట్టింది. నన్ను నేను కాపాడుకోవాలె గద. తాత కల్లు తాగుతుండని చెప్పిన. చెవి వదలలె. చిన్నతాత పోస్తుండని చెప్పిన. ఆమె చెయ్యి ఆగింది. నా మాటకు అంత బలం ఉన్నదని ఎరుకైనంక ఇగ నోరు ఆగలె. ఇద్దరు కౌగిలించుకున్నరని చెప్పిన. ఆడోళ్ల మాట విని ఆగమైనం అన్నా, అని చిన్నతాత ఏడ్చిండని, తాత నవ్విండని చెప్పిన.

చాడీ మోసింది ఎవడో పడవోడని నా పెండ్లాం పిల్లలకు ఇన్నేండ్లు చెప్పుకుంట వచ్చిన. మోసింది నేనే. పెంచింది కూడ నేనే.

తాత రాంగనే నాయనమ్మ వాకిట్లనే నిలదీసింది. కౌగిలించుకున్నరట గద, నా మాట తీసుకొని నవ్వుకున్నరట గద, అన్నది. ఆమె గొంతుల కోపం కంటె ఏడుపే ఎక్కువున్నది. తాత నా దిక్కు చూసిండు. వాడు అబద్ధమాడుతుండు అంటే చాలు, నిజం గూడ అదే. అబద్ధమని తేలితే నన్ను కొట్టనీకె మా నాయన చేతిల అప్పటికే ములుగర్ర ఉన్నది. తాత ఆ కర్రను చూసిండు, మళ్ల నన్ను చూసిండు. ఏం అనలె.

నాయనమ్మ నన్ను గుంజి ఆయన ముందట నిలబెట్టింది. మళ్ల మండువకు పోనని వీని తల మీద చెయ్యి పెట్టి చెప్పుమన్నది. తాత పెట్టిండు. బరువు చెయ్యి, ఇంకా కల్లు తడి ఆరలె. నిజం నా నోట్లెనే ఉన్నది, బయటికి రాలె.

తెల్లారి నుంచి పొద్దు వాలితే తాత వాకిట్ల కూసుండేటోడు. మండువ లొల్లి గాలికి మా ఇంటిదాక వినొచ్చేది. ఎవడు పాడుతుండో, ఎవడు తిడుతుండో గొంతు బట్టి నాకు చెప్పేటోడు. చిన్నతాత గొంతు మాత్రం అందుల వినరాలె. నేను నాయనమ్మ దగ్గరికి పోయి నిజం చెప్పిన. ఆమె నమ్మలె. తాత నేర్పి పంపిండనుకున్నది. ఇగ ఏం చెయ్యాల్నో తెల్వక తాత దగ్గరనే కూసొని, "తాతా, నువ్వు పో. నాకేం గాదు" అన్న.

"గాకపోవచ్చు బిడ్డా" అన్నడు. "నేనైతే పోలేను."

మరునాడు నేనే మండువకు పోయిన. చిన్నతాత రేకను పక్కన పెట్టుకొని తొవ్వ చూస్తుండు. పొయ్యనీకె పది మంది ఉన్నరు, ఎవ్వరిని పొయ్యనిస్తలేడు. నాతోటి గూడ ఆయనకు మాటలు లేవు గనుక కల్లు గీసే మామకు చెప్పిన. తాత ఇగ రాడని, నా తల మీద ఒట్టు వేసిండని, అంత నా అబద్ధం వల్లనే అయిందని. చిన్నతాత విన్నడు. మామతోటి నన్ను తిట్టిస్తడనుకున్న.

"పిల్లగాని తల మీద పెట్టిండా?" అని మామను అడిగిండు. "ఐతే రాడు. రావద్దు గూడ. ఎన్నడన్న మనసాగక ఇటు వస్తే కాళ్లిరగ్గొట్టి వాపసు పంపు." మళ్ల, "పొద్దుగూకుతున్నది. పిల్లగాన్ని ఇంటికాడ దించి రా మామా" అన్నడు.

వాళ్లిద్దరు కలిసి కూసున్నది నేను మళ్ల చూడలె.

అబద్ధాలు ఇప్పటికి ఆడుత, నాకు అవి లేకుంటె పొద్దుపోదు. మొన్న మనుమరాలు తల ముందటికి వంచి, దీని మీద చెయ్యి పెట్టి చెప్పు తాతా, మూడు రేకల ముచ్చట నిజమేనా, అని అడిగింది. గోదారి మీద ఒట్టు వేస్త, అహేరి బస్సు మీద ఒట్టు వేస్త అన్న. నవ్వింది గాని, తల మాత్రం తియ్యలె. నేను చేతులు రెండు వెనక్కి పెట్టుకున్న. అబద్ధాలకోరు పిల్లగాని తలకు ఏమన్న అయితదేమో అని భయపడి, ఇద్దరు ముసలోళ్లు ఉన్న ఒక్క జాగను వదులుకున్నరు. ఆ తలనే ఇంకా మోస్తున్న.