తొక్కకుండా దాటిన గడప

టీచరమ్మ పోయిందని మొన్న పులివెందుల నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. నేను ప్రొద్దుటూరులో, మా అంగట్లో జాకెట్టు కుడుతూ ఉన్నాను. ఎప్పుడు అని అడిగాను గానీ ఆ తర్వాత ఆమె చెప్పింది ఒక్క ముక్కా చెవికెక్కలేదు. ఆ పూట ఇంకేమీ కుట్టలేకపోయాను.

ఆమె మాకు చుట్టం కాదు. ప్రాజెక్టు నీళ్లు ఊరిని ముంచుతాయని తెలిసి మేం ప్రొద్దుటూరికి వచ్చినప్పుడు రెండు గదులు బాడుగకు ఇచ్చిన మనిషి. చర్చి బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. అప్పటికే మునక ఊరివాళ్లమని తెలిసి నాలుగైదు ఇళ్లవాళ్లు మమ్మల్ని గేటు దగ్గర నుంచే పంపించారు. ఈమె మాత్రం తెల్లారి కొళాయి వచ్చే వేళకు లేస్తారా లేదా అని ఒక్కటే అడిగి తాళాలు ఇచ్చింది.

మంచిదే గానీ నోరు పెద్దది. వీధిలో గిన్నెలు తోమితే తిట్టేది. మా అమ్మ ప్రొద్దుటూరును "మీ ఊరు" అన్నప్పుడల్లా "మీ ఊరేంది, మన ఊరను" అని సరిదిద్దేది. గ్యాసుకు, రేషన్‌కు, తమ్ముడి బడికి మమ్మల్నే ముందుకు పంపేది, తాను పక్కన నిలబడి చూసేది. ఏ ఆఫీసు మెట్లెక్కినా ఒకటే మాట: "దండం పెట్టద్దు, రసీదు అడుగు." నాకైతే ఆ రోజుల్లో ఆమె పెత్తనానికి ఒళ్లు మండేది.

ఊరు ఖాళీ చేసేటప్పుడు మా నాయన ఒక పొరపాటు చేశాడు. మా వైపు ఊళ్లలో ఇల్లు విప్పితే ముందు ద్వారబంధం తీసుకుంటారు, అది వదిలేస్తే ఇల్లు వదిలేసినట్టే. తాత చేయించిన వేపచెక్క ద్వారబంధాన్ని నాయన గడపతో సహా పెళ్లగించి ట్రాక్టర్లో వేసుకొచ్చాడు. సర్వేవాళ్లు తెల్లరంగుతో ఇంటి నంబరు రాసింది దానిమీదేనని ఆయనకు తట్టలేదు. రెండోసారి లెక్కకు వచ్చినవాళ్లు నంబరు లేని గోడలు చూసి, ఇక్కడ ఎవరూ కాపురం లేరని రాసుకుపోయారు. జాబితాలోంచి మా పేరు ఎగిరిపోయింది. పేరు లేకపోతే పునరావాస కాలనీలో మాకు జానెడు స్థలం రాదు.

రెండు అర్జీలు పెట్టాం, ఉలుకూ పలుకూ లేదు. అభ్యంతరాలకు చివరి రోజున టీచరమ్మ గొడుగు చంకన పెట్టుకుని మా గదికి వచ్చి, "వాకిలి ఎత్తప్పా, పోదాం" అంది నాయనతో, ద్వారబంధం చూపిస్తూ. ట్రాలీ ఆటోలో దాన్ని వేసుకుని మేం ముగ్గురం జమ్మలమడుగు చేరేసరికి నాలుగు దాటింది. ఐదుకు ఆఫీసు మూస్తారు.

బంట్రోతు అడ్డం పడినా టీచరమ్మ లోపలికి పోయింది. లోపలి ఆఫీసరు తలెత్తకుండానే, తలుపు లేని ఇంటికి తానేం రాయాలన్నాడు. బయటికొచ్చిన టీచరమ్మ ద్వారబంధాన్ని వరండాలోకి మోయించి, సరిగ్గా ఆయన గది ముందర నిలబెట్టించింది. ఒక పక్క నాయన, ఒక పక్క ఆటో అతను పట్టుకున్నారు. అర్జీలు పట్టుకొచ్చిన జనం చుట్టూ మూగారు. ఎవరో పోలీసులను పిలవమన్నారు.

"పోదాం పద టీచరమ్మా, మానం పోతాంది" అన్నాను. ఆమె నా వైపు చూడనైనా లేదు.

ఐదుకు ఇంకా ఐదు నిమిషాలుందనగా ఆఫీసరు సంచీ తగిలించుకుని బయటికి వచ్చాడు. పక్కనుంచి పోదామంటే సందు లేదు. ఆఫీసరు కోపంగా ఒక క్షణం ఆగి, కాలు పైకెత్తి, గడప తగలకుండా ఇవతలికి దాటాడు.

"తొక్కకుండా దాటినావే నాయనా" అంది టీచరమ్మ, గొంతు పెంచకుండా. "ఉత్త చెక్కయితే తొక్కి పోయేటోనివి. ఇల్లని నీకూ తెలుసు. రాయి."

ఆఫీసరు సంచీ కింద పెట్టి, వంగి నంబరు చూసి, రిజిస్టరు తెమ్మన్నాడు. రసీదు చేతికొచ్చేదాకా ఆమె నాయనను ద్వారబంధం దించనియ్యలేదు.

తిరిగి వచ్చేటప్పుడు జమ్మలమడుగు దాటాక నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "శానా భయమైంది పాపా" అంది. అంత భయపడుతూ మాకోసం నిలబడిందని తెలిసి, అంతకుముందు ఆమెను తిట్టుకున్నవన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

స్థలం వచ్చింది. ఇల్లు లేవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఇంట్లో చేరిన రోజు టీచరమ్మ వచ్చేసరికి ఆమె మోకాళ్లు పూర్తిగా పాడై ఉన్నాయి. కొత్తింటికీ అదే ద్వారబంధం పెట్టాం; దాని గడపకు అమ్మ అప్పుడే పసుపు పూసింది, ఇంకా తడి ఆరలేదు. టీచరమ్మ కాలెత్తబోయింది, లేవలేదు. మళ్లీ ఎత్తింది. లాభం లేక, ఈడే కూచుంటాలేప్పా అని వెనక్కి తిరిగింది.

గడప మీద చంటిపిల్లలు నిలబడినా ఊరుకోని మా నాయన ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తొక్కి రామ్మా" అన్నాడు. "నువ్వు తొక్కచ్చు."

ఆమె గడప మీద పాదం మోపి, కాసేపు ఊపిరి తీసుకుని, లోపలికి వచ్చింది. కొత్త సిమెంటు నేల మీద పచ్చటి అడుగులు మూడు పడ్డాయి. అవి వాటంతటవే చెరిగిపోయేదాకా అమ్మ అక్కడ తడిగుడ్డ పెట్టలేదు.